బండి నిద్రపోయినా బ్యాటరీ నిద్రపోదు!

అమెరికాలో మోటర్‌హోమ్ కొనుక్కుని వేసవంతా పార్కులు చుట్టే మనవాళ్లూ ఉన్నారు. మిషిగన్, మిన్నెసోటా లాంటి చోట్ల మంచు మొదలైతే మాత్రం ఆ బండిని నాలుగైదు నెలలు పక్కన పెట్టాల్సిందే. ఏప్రిల్‌లో వచ్చి తాళం తిప్పితే టిక్కుటిక్కుమని చప్పుడు తప్ప ఇంకేం రాదు. ‘అన్నీ ఆపేసే వెళ్లాం కదా’ అంటారు. ఆపేశారు సరే, బ్యాటరీ వైరు తీశారా?

మోటర్‌హోమ్‌లో రెండు బ్యాటరీలుంటాయి. ఒకటి ఇంజిన్ స్టార్ట్ చేయడానికి. రెండోది లోపలి లైట్లు, నీళ్ల పంపు, ఫ్యాన్లకు. స్విచ్‌లన్నీ ఆపినా గ్యాస్ అలారం, రేడియో మెమరీ, ఫ్రిజ్ సర్క్యూట్ బోర్డు లాంటివి కొంచెం కొంచెం కరెంటు లాగుతూనే ఉంటాయి. ఫోన్ పక్కన పెట్టినా వెనకాల యాప్‌లు ఛార్జింగ్ తినేస్తాయి చూడండి, అలాగన్నమాట. అన్నీ కలిపి 0.05 ఆంపియరే అనుకుందాం. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. అంటే 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 42 రోజుల్లో సగం ఖాళీ!

‘అయితే ఏంటి, మళ్లీ ఛార్జ్ చేస్తే పోలా?’ అనుకోకండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఖాళీగా పడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, పాత సత్తా తిరిగి రాదు. పైగా ఫుల్‌గా ఉన్న బ్యాటరీ మైనస్ 50 డిగ్రీల చలినైనా తట్టుకుంటుంది. పూర్తిగా ఖాళీ అయినదాంట్లో మిగిలేది దాదాపు నీళ్లే. సున్నాకు కొద్ది డిగ్రీలు కిందకి దిగితే చాలు, గడ్డకట్టి పగులుతుంది. అలా గడ్డకట్టినదానికి ఛార్జర్ పెడితే పేలే ప్రమాదం ఉంది.

మరేం చేయాలి?

* రెండు బ్యాటరీలనూ ఫుల్ ఛార్జ్ చేయండి. కొన్ని గంటలాగి మల్టీమీటర్‌తో చూస్తే 12.6 వోల్టులకు తగ్గకూడదు.

* నెగటివ్ వైరు ముందు తీయండి. మళ్లీ బిగించేటప్పుడు అది చివర.

* డిస్‌కనెక్ట్ స్విచ్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. కొన్ని బండ్లలో గ్యాస్ అలారం ఆ స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకే కలిపి ఉంటుంది.

* దగ్గర్లో కరెంటు ఉంటే బ్యాటరీ మెయింటెయినర్ పెట్టండి. నిండగానే అదే తగ్గించుకుంటుంది. ఆ సౌకర్యం లేని పాత ఛార్జర్‌ను నెలల తరబడి వదిలేయొద్దు.

* సోలార్ ప్యానెల్‌నే నమ్ముకోవద్దు. పైన మంచు పేరుకుంటే అది పనిచేయదు.

* లిథియం బ్యాటరీ అయితే సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయనే కూడదు.

* అప్పుడప్పుడూ ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఆపేస్తే లాభం లేదు. అంతలో బ్యాటరీ నిండదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. వైరు తీశారంటే బండి బ్యాటరీ మీద నడిచే గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు కూడా ఆగిపోతాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందుకే చుట్టాలొచ్చారనో, ఒక్క రాత్రికేగా అనో ఆ బండిలో హీటర్ వేసుకుని ఎవరినీ పడుకోనివ్వొద్దు. వేసవిలో వైర్లు బిగించగానే మొదట నొక్కాల్సింది అలారం మీదుండే టెస్ట్ బటన్. అది మోగాకే ట్రిప్ సంగతి!