కంప్యూటర్ పిల్లలు ఒక్క రాత్రి వార్డులో ఉండాలి



"పేరు రాసుకోవడానికే ఇంతసేపా సిస్టర్?" అని ఓ.పి. కౌంటరు దగ్గర విసుక్కునేవారిని నేను తప్పుపట్టను. మన కాటేదాన్ ఫ్యాక్టరీలలో పనికోసం బీహారు, ఒడిశాల నుండి వచ్చిన వారిలో చాలామందికి పుట్టిన తేదీ తెలియదు. నేను లోగడ పనిచేసిన ఒకచోట ఆ తేదీ వేయనిదే కంప్యూటర్ ముందుకు కదిలేది కాదు. చేసేదిలేక మా సిస్టర్లు అందరికీ జనవరి 1 అని కొట్టేవారు. ఒకే పేరున్న ఇద్దరికి ఒకే పుట్టినరోజు పడితే, ఒకరి రిపోర్టు ఇంకొకరికి చేరే ప్రమాదం ఉంది కదా!

మందుల వేళలది ఇంకా పెద్ద చిక్కు. రాత్రి 10 గంటలకు ఇంజక్షన్ చేసిన సిస్టర్, రౌండు ముగించుకొని 11:30కి ఎక్కిస్తే, కంప్యూటర్ 11:30కే ఇచ్చినట్టు చూపేది. తరువాతి డోసు కూడా ఆ లెక్కనే ఆలస్యంగా చూపేది. కాగితం చార్టు మంచం దగ్గరే ఉండేది గనుక ఈ తేడా వచ్చేది కాదు.

ఆ సాఫ్ట్‌వేర్ రాసినవారు తెలివిలేనివారు కారు. వార్డు చూడలేదు, అంతే. మా పని వారికి వివరించినది ఆఫీసువారు. ఆఫీసువారు రాత్రి డ్యూటీ ఎరుగరు. ఒకసారి ప్రింటరు బాగుచేయడానికి రాత్రిపూట వచ్చిన కుర్రవాడు మా అవస్థ కళ్లారా చూసి, "మందు ఇచ్చిన వేళ" అని వేరే గడి పెట్టించాడు. మేము నెలల తరబడి ఉత్తరాలు రాసినా జరగని పని అది.

పెద్ద ఆసుపత్రులకూ ఈ అనుభవం ఉంది. అమెరికాలో లాస్ ఏంజిలిస్‌లోని సీడార్స్-సైనాయ్ ఆసుపత్రి 2002లో మందుల ఆర్డర్లకు కంప్యూటర్ పద్ధతి పెట్టి, డాక్టర్ల అభ్యంతరాల వల్ల 2003 జనవరిలో ఆపివేసింది. మన హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ మాత్రం రోగుల రికార్డుల కోసం 'ఐస్మార్ట్' అనే సాఫ్ట్‌వేర్‌ను తన సంస్థలోనే తయారు చేసుకొన్నది. రాసేవారు, వాడేవారు ఒకే ఇంటివారైతే అడగడమూ సులువే, దిద్దడమూ సులువే.

"తలా ఒకటి చెబితే ఆ పిల్లలు పని ఎప్పుడు చేస్తారు?" అని కొందరు అంటారు. న్యాయమైన మాటే. ఒక సిస్టర్ కావాలన్నది ఇంకొకరు వద్దంటారు. అందుకే కోరికలన్నీ ఒక సీనియర్ సిస్టర్ పోగుచేసి ఇవ్వాలి. కానీ చూడవలసినది మాత్రం వారే వచ్చి చూడాలి. రోగి అనుమతి తీసుకొని, రోగి సంగతులు బయట చెప్పమని మాట ఇచ్చి, ఒక్క రాత్రి మా వెనుక నిలబడితే చాలు.

మీ ఇళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలుంటే ఈ మాట చెప్పండి. మీరు కూడా, చీటీలో పేరో వయస్సో తప్పు పడితే మొహమాటపడక వెంటనే సిస్టరుకు చెప్పండి. ఆ చీటీని బట్టే మీకు మందు అందుతుంది.