చచ్చే చుక్కల మసితో మనకేం పని?

కిందటి సంక్రాంతి సెలవుల్లో ఒక రాత్రి నాన్నా నేనూ కళ్ళంలో ధాన్యం రాశికి కాపలా పడుకున్నాం. తూర్పున సింహరాశి పైకొస్తోంది. "చుక్కల చదువు చదివితే ఎకరానికి ఒక బస్తా ఎక్కువ పండుద్దంట్రా?" అన్నాడు నాన్న. అప్పుడు నాకు జవాబు తట్టలేదు.

ఆ సింహరాశిలోనే సి.డబ్ల్యు. లియోనిస్ అనే ముసలి నక్షత్రం ఉంది. సుమారు 400 కాంతి సంవత్సరాల దూరం. దాని గర్భంలో హీలియం మండి కార్బన్ అవుతోంది. ఆ కార్బన్ పైపొరలకు చేరి, బయటికి వీచి, చల్లబడి మసి అవుతుంది. తన మసే తనను కప్పేయడంతో అది మన కంటికి కనపడదు. అచ్చం నివురుగప్పిన నిప్పు! కాని వేడెక్కిన ఆ మసి పరారుణ కిరణాలను వెదజల్లుతుంది. 1960లలో అమెరికాలోని మౌంట్ విల్సన్ మీద ఆ కిరణాలతో ఆకాశాన్ని గాలించినవారికి ఇది దొరికింది. 5 మైక్రాన్ల దగ్గర సౌరకుటుంబం బయట ఇంత ప్రకాశించేది మరొకటి లేదని 1969లో ప్రకటించారు.

ఇలాంటి నక్షత్రాల చుట్టూ కార్బన్ గొలుసులు ఎలా పుడతాయో తెలుసుకోవాలని ఇంగ్లండు రసాయన శాస్త్రజ్ఞుడు క్రోటో 1985లో అమెరికా వెళ్ళాడు. అక్కడ కర్ల్, స్మాలీలతో కలిసి గ్రాఫైటును లేజరుతో ఆవిరి చేస్తే, 60 కార్బన్ పరమాణువుల బంతి బయటపడింది. 1996లో ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది. 2010లో స్పిట్జర్ టెలిస్కోపు ఒక నక్షత్రం వదిలిన వాయువుల్లో ఆ బంతి పరారుణ గుర్తునే పట్టుకుంది.

బహుమతులొస్తాయి గనుక చదవండి అని నేననడం లేదు. ఇంజనీరింగు సీటు రానివాడే బి.యస్సీ.లో చేరతాడని ఊళ్ళో అంటారు. అనీ అనీ మనమూ నమ్మేశాం! స్పెక్ట్రోమీటరు ముట్టుకునేది ప్రాక్టికల్ మార్కుల కోసమే. మౌంట్ ఆబూలో పరారుణ పరిశీలనకు 1.2 మీటర్ల టెలిస్కోపు మన దేశానికే ఉందని మనలో ఎందరికి తెలుసు? రైతుబిడ్డకు అంత ఆశ ఎందుకనే మాటను నేనొప్పుకోను.

నాన్నకు అబద్ధం చెప్పను. ఈ చదువుతో బస్తా పెరగదు. కాని వరిపైరు గాలిలోంచి తీసుకుని గింజలో దాచిన కార్బన్ నక్షత్రాల్లో తయారైందే. అందులో కొంత ఇలాంటి ముసలి చుక్కలు ఊదిన మసే. తాను పండించిన గింజ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకునే హక్కు రైతుకు లేదా? వచ్చే సంక్రాంతికి అదే కళ్ళంలో నాన్నకు సింహరాశిని చూపించి, అందులో కనపడని చుక్క సంగతి చెప్తాను.