చెప్పులేసుకో అమ్మా!

"వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే జివ్వుమంటుంది బిడ్డా" అని మా అమ్మ మొదటిసారి చెప్పినప్పుడు నేను ల్యాప్‌టాప్ మీంచి తల కూడా ఎత్తలేదు. "చెప్పులేసుకో అమ్మా" అన్నాను. అంతే. అమ్మ చెప్పులేసుకుంది. నేను మీటింగ్‌లోకి వెళ్లిపోయాను.

ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి ఏంటంటే, నేను చదివింది ట్రిపుల్ ఈ. నాలుగేళ్లు. ఎర్తింగ్ గురించి బొమ్మ గీసి మరీ జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని. పైప్ ఎర్తింగ్, ప్లేట్ ఎర్తింగ్, బొగ్గు, ఉప్పు... అన్నీ నోటికొచ్చు. ఆ తర్వాత క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫర్ వచ్చింది. జాయినైపోయా. ట్రాన్స్‌ఫార్మర్లు పోయి సర్వర్లు వచ్చాయి. మీలో ఎంతమందిది ఇదే కథో నాకు తెలుసు!

హాస్టల్లో నా రూమ్మేట్ మాత్రం అటు పోలేదు. రెండేళ్లు గది తలుపేసుకుని చదివి, విద్యుత్ పంపిణీ సంస్థలో ఏఈ అయ్యాడు. మొన్నొక ఆదివారం మా ఫ్లాట్‌కి భోజనానికొచ్చాడు. అమ్మ వడ్డిస్తూ మాటల్లో మెషిన్ సంగతి చెప్పింది. వాడు ముద్ద అక్కడే ఆపేశాడు.

"ఎన్ని రోజుల్నుంచి అమ్మా?"

"నెల దాటింది. చెప్పులేసుకుంటున్నాలే."

వాడు నావైపు చూశాడు. ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

భోజనమయ్యాక బండి డిక్కీలోంచి టెస్ట్ ల్యాంప్ తెచ్చాడు. ఒక హోల్డర్, బల్బు, రెండు వైర్లు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య పెడితే బల్బు వెలిగింది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య పెడితే వెలగలేదు. "మీ ఇంట్లో ఎర్త్ లేదు రా" అన్నాడు. సాకెట్‌కి మూడు కన్నాలున్నాయి కదా అన్నాను. "కన్నం ఉంది. దాని వెనకాల ఏముందో చూశావా?"

చూస్తే సాకెట్ దాకా ఆకుపచ్చ వైరు వచ్చింది. కానీ డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గర దాని కొసకి టేపు చుట్టి ఓ మూలకి మడిచి పెట్టేశారు. ఎప్పుడో బోర్డు మార్చినప్పుడు ఎవరో తీసి మళ్లీ బిగించలేదు. ఎర్త్ లేకపోయినా లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి. అందుకే ఎవరికీ తెలియలేదు.

వాడు చెప్పిన లెక్క మీకూ చెప్తాను. మెషిన్ లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. దాని ఫిల్టర్ నుంచి చాలా చిన్న కరెంటు మెషిన్ బాడీకి వస్తుంది. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే మెషిన్ మీదే కూర్చుంటుంది. ఆ జివ్వుమనడం అదే. దానితో ప్రాణం పోదు. కానీ రేపు లోపల ఒక వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలిందనుకోండి, మెషిన్ మొత్తం 230 వోల్టులతో నిలబడి ఉంటుంది. తడి చేతులతో అమ్మ ముట్టుకుంటే కరెంటుకి దొరికే దారి అమ్మే.

"ఎంసీబీ ఉంది కదా, పడిపోదా?" అనడిగాను.

"అది 16 ఆంపియర్లది. మనిషి గుండెకి 30 మిల్లీ ఆంపియర్లు దాటితే చాలు, ప్రమాదమే. అంటే ఎంసీబీకి కనీసం తెలియడానికి దానికి ఐదొందల రెట్లు పోవాలి. ఎంసీబీ కాపాడేది వైర్‌ని రా, మనిషిని కాదు. మనిషి కోసం ఆర్‌సీసీబీ పెట్టాలి."

ఆర్‌సీసీబీ పని చాలా సింపుల్. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని చూస్తూ ఉంటుంది. తేడా వచ్చిందంటే మధ్యలో ఎక్కడో లీకవుతోందని లెక్క. వెంటనే కట్ చేసేస్తుంది. ఈ ఒక్క వాక్యం నాకు కాలేజీలో ఎవరైనా చెప్పారో లేదో గుర్తులేదు. చెప్పే ఉంటారు. నేను మార్కుల కోసం విని ఉంటాను.

టీ తాగుతుండగా వాడికి ఫోనొచ్చింది. సెలవు రోజైనా ఫోన్‌కి సెలవు ఉండదు. లైన్‌మన్ నుంచి. ఎక్కడో జంపర్ తెగింది, ఎల్‌సీ కావాలి. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైన్ మీద పనిచేసేవాడు పోల్ ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌లో ఆ ఫీడర్ ఆపించి తీసుకునే అనుమతి. వాడి గొంతు మారిపోయింది. ఏ ఫీడర్? ఏ పోల్? అదే పోల్ మీద ఇంకో ఫీడర్ వైర్లున్నాయా? ఏబీ స్విచ్ ఓపెన్ చేశారా? కళ్లతో చూశావా? ఎర్త్ రాడ్లు వేశావా? ప్రతి ప్రశ్న అడిగాడు, ప్రతి జవాబూ అవతలివాడితో మళ్లీ చెప్పించుకున్నాడు.

"సబ్‌స్టేషన్‌లో ఆపేశాక ఇంకా రాడ్లెందుకు?" అన్నాను ఫోన్ పెట్టేశాక.

"ఎవడింట్లోనో జనరేటర్ ఆన్ అవుతుంది. చేంజోవర్ సరిగ్గా ఉండదు. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి ఉల్టా ఎక్కి 11 వేల వోల్టులై లైన్ మీదికొస్తుంది. పైన మనిషున్నాడు."

మా ఆఫీసులో శుక్రవారం సాయంత్రం కోడ్ రిలీజ్ చేయాలంటే అందరం భయపడతాం. తప్పు జరిగితే రోల్‌బ్యాక్ చేస్తాం, మెయిల్‌లో సారీ చెప్తాం. వాడి పనిలో రోల్‌బ్యాక్ లేదు.

అందుకే ఎలక్ట్రికల్ ఇంజినీర్ అంటే ఫ్యూజులు వేసే పని అనుకునేవాళ్లకి ఒక లెక్క చెప్తాను. మా నల్లగొండ వైపు పొలాల్లో 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉందనుకోండి. ఒక 5 హెచ్‌పీ మోటార్ దాదాపు ఐదున్నర కేవీఏ లాగుతుంది. అంటే 18 మోటార్లు. అదే దానిమీద పాతిక నడిస్తే కాయిల్ కాలిపోతుంది, వరి ఎండుతుంది, రైతులు ఏఈ మీదికొస్తారు. కానీ ప్రతి మోటార్‌కీ ఒక కెపాసిటర్ పెడితే పవర్ ఫ్యాక్టర్ పెరిగి, అదే ట్రాన్స్‌ఫార్మర్ 21 మోటార్ల దాకా మోస్తుంది. లెక్క పేపర్ మీద రెండు లైన్లే. పొలం గట్టు మీద నిలబడి రైతుని ఒప్పించడం అసలు స్కిల్.

ఇదే లెక్క దేశమంత పెద్దదైతే? 2020 ఏప్రిల్ 5న రాత్రి 9 గంటలకి 9 నిమిషాలు లైట్లు ఆర్పాం, గుర్తుందా? మనం బాల్కనీల్లో దీపాలతో సెల్ఫీలు దిగుతుంటే గ్రిడ్ మీద డిమాండ్ దాదాపు 31 వేల మెగావాట్లు పడిపోయింది. వాడకం ఎంతో ఉత్పత్తి కూడా ప్రతి క్షణం అంతే ఉండాలి. లేదంటే 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ అదుపు తప్పుతుంది. జలవిద్యుత్ కేంద్రాల్ని ముందే సిద్ధం చేసుకుని, నిమిషాల్లో తగ్గించి, మళ్లీ పెంచారు. గ్రిడ్ నిలబడింది. ఏమీ జరగలేదు కాబట్టి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. ఎర్త్ వైరు బిగించాడు, పార్కింగ్‌లో ఎండిపోయిన ఎర్త్ పిట్‌లో నీళ్లు పోయించాడు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాడు. మొత్తం ఖర్చు నా హెడ్‌ఫోన్స్ కంటే తక్కువ.

మీ ఇంటి బోర్డు మీద 'టెస్ట్' అని చిన్న బటన్ ఉందేమో ఈరోజే చూడండి. ఉంటే నెలకోసారి నొక్కండి. కరెంటు పోవాలి. పోకపోయినా, అసలు బటనే లేకపోయినా, తెలిసినవాణ్ని పిలిపించండి. మీరే స్క్రూడ్రైవర్ పట్టుకోకండి.

నేను ప్రతి నెలా ఒకటో తారీఖున నొక్కుతున్నాను. టప్‌మని ఇల్లంతా ఆగిపోతుంది. సీరియల్ మధ్యలో టీవీ ఆగితే అమ్మ లోపల్నుంచి కేకేస్తుంది. ఇప్పుడు మెషిన్ ముట్టుకుంటే ఏమీ అనడం లేదు. అయినా చెప్పులు మాత్రం వదల్లేదు.

"ఇంక అక్కర్లేదమ్మా" అన్నాను.

"నువ్వే కదరా చెప్పినవ్" అంది.