'గెమ్మ': మొగ్గ ముందా, మణి ముందా?

లాటిన్‌లో 'గెమ్మ' అనే స్త్రీలింగ పదానికి రెండర్థాలున్నాయి: చెట్టు మొగ్గ, రత్నం. రోమన్ అలంకారికులు రత్నానికే ప్రాథమ్యమిచ్చారు. ద్రాక్షతీగ మొగ్గ తొడగడాన్ని 'గెమ్మారె' అనడం రూపకమనీ, పల్లెజనం సైతం అలా అంటారనీ క్రీ.పూ. 55 నాటి 'డె ఓరాటోరె'లో సిసెరో చెప్పించాడు. మొదటి శతాబ్ది చివర క్వింటిలియన్ మరో అడుగు వేశాడు. రైతుకు వేరే మాట లేక ఆ మాటను అరువు తెచ్చుకున్నాడట! భారతీయ అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే రత్నం ముఖ్యార్థం, మొగ్గ లక్ష్యార్థం.

ఈ తీర్పు నిలవదు. వేరే మాట లేదన్నదే మొదటి పొరపాటు. కంటిని చెప్పే 'ఓకులుస్' మొగ్గకూ వాడుకలో ఉంది. వర్జిల్ 'జార్జిక్స్' రెండవ భాగంలో అంటుకట్టడాన్ని వర్ణిస్తూ ఈ రెండు మాటలనూ పక్కపక్కనే ప్రయోగించాడు. (చెరకు మొగ్గను 'కన్ను' అనే తెలుగు రైతుకు ఇందులో వింత తోచదు.) రెండు మాటలున్నచోట గత్యంతరం లేకపోవడమేమిటి?

ఓకులుస్‌లో అర్థం దేహం నుంచి చెట్టుకు ప్రసరించింది కదా, గెమ్మలో రత్నం నుంచి ఎందుకు ప్రసరించకూడదు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానిని తేల్చవలసింది సోదర భాషలు. ఈ పదంతో భాషాశాస్త్రజ్ఞులు సాధారణంగా ముడిపెట్టే లిథువేనియన్ 'జెంబేతి'కి మొలకెత్తడమని అర్థం. సంస్కృత 'జంభ' దంతం. గ్రీకు 'గోంఫోస్' మేకు. పొడుచుకువచ్చే మొన అన్న భావం వీటిలో కనిపిస్తుంది; రత్నం ఒక్కచోటా లేదు. గెమ్మలోని జంట మకారం ఎలా ఏర్పడిందన్న విషయంలో భేదాభిప్రాయాలుంటే ఉండవచ్చు, అర్థం నడిచిన దిశను అవి మార్చవు.

వ్యాకరణమూ ఇటే మొగ్గుతుంది. గెమ్మారె అకర్మక క్రియగా వ్యవసాయ రచనల్లో తీగకు కర్తృత్వమిస్తుంది. ఆభరణాల పక్షాన ఎక్కువగా కనిపించేది 'గెమ్మాతుస్', అంటే రత్నఖచితమైన అనే విశేషణరూపం.

సిసెరో ఎందుకు పొరబడ్డాడు? మిత్రిదాతీస్‌పై పాంపే సాధించిన విజయమే రోమన్లను ముత్యాల వైపు, రత్నాల వైపు మళ్ళించిందని ప్లినీ రాశాడు. ఆ విజయోత్సవం క్రీ.పూ. 61లో జరిగింది, సిసెరో గ్రంథానికి ఆరేళ్ళ ముందు. నగరవాసి కంటికి ఉంగరంలోని రాయి ముందు కనబడింది, దానినే పదానికి మూలమనుకున్నాడు.

1879లో వెలువడిన లూయిస్, షార్ట్‌ల లాటిన్ నిఘంటువు మొగ్గనే మొదటి అర్థంగా అచ్చువేసింది. గెమ్మారెను ఇంకా పల్లెవాడి రూపకంగా ఉదాహరించే అలంకారశాస్త్ర పాఠం ఏదైనా ఉంటే, ఆ వాక్యాన్ని తిరగరాయాలి: అక్కడ ఉపమానం మొగ్గ, ఉపమేయం రత్నం.