రహస్యలేఖలు - తాళపుచెవులు

ఈమెయిలులో రహస్యమైన కాగితము పంపవలసినప్పుడు మనలో పెక్కుమంది దానికొక పాస్‌వర్డు తగిలించి, ఆ పాస్‌వర్డును మరుక్షణమే మరియొక ఈమెయిలులో పంపుచున్నారు. ఇది తలుపునకు తాళము వేసి, తాళపుచెవిని గడపమీదనే పెట్టిపోవుట గదా! కొన్ని బ్యాంకులు పుట్టినతేదీని పాస్‌వర్డుగా నిర్ణయించి, ఆ సంగతిని ఆ యుత్తరములోనే వ్రాయుచున్నవి. పుట్టినతేది యేమి రహస్యము? మన పాఠశాల దరఖాస్తులన్నిటియందును ఉన్నదే.

పాస్‌వర్డు పద్ధతిలో మూయువాడును తెరచువాడును ఒకే తాళపుచెవిని పంచుకొనవలెను. దూరముననున్నవానికి దానిని చేర్చుటెట్లు? ఒక తరగతిలోని 40 మంది ఇద్దరిద్దరుగా రహస్యముగా వ్రాసికొనవలెనన్న 780 పాస్‌వర్డులు కావలెను!

ఈ చిక్కును విప్పు మార్గమును 1976లో అమెరికాలో డిఫీ, హెల్‌మన్ అనువారు ప్రకటించిరి. మరుసటియేట రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అను మువ్వురు అందుకు తగిన గణితపద్ధతిని కనుగొనిరి. 1991లో జిమ్మర్‌మన్ తన పీజీపీ ద్వారా దానిని సామాన్యుల ఈమెయిలునకు అందించెను. ఇందు ప్రతివానికిని రెండు కీలు. పబ్లిక్ కీ పేరునకు తాళపుచెవియే గాని, పనికి తాళపుకప్ప, ఊరందరికి పంచవచ్చును. తెరచునది మాత్రము యజమానియొద్దనే యుండును. 40 మందికి 40 జతలు చాలును.

అయినను ఒక మెలిక కలదు. ఆ కప్ప నిజముగా మన మిత్రునిదేనా? మధ్యవాడెవడైనను తన కప్పను అతని పేర పంపినచో మన రహస్యము వానికే చిక్కును. కావున కీ యొక్క గుర్తు అక్షరములను ఫోనులో చదివి సరిచూచుకొనవలెను. ఈ శ్రమకు జడియువారే హెచ్చు.

నా మతమున, ఎదుటపడి చెప్పగల పాస్‌వర్డు ఒక్క కాగితమునకు చాలును. రాష్ట్రములు దాటి యేండ్లతరబడి సాగు ఉత్తరములకు పబ్లిక్ కీయే తగినది. పదవతరగతివారికి దీనిని నేర్పుటకు కంప్యూటరు పీరియడులు రెండు కేటాయింపుడని మా తోడి ఉపాధ్యాయులను కోరుచున్నాను.