చేదబాయి నీళ్లు ఎటు పోతున్నయి?

వాడలో బాయి నీళ్లు తగ్గితే ఊరి పెద్దమనుషుల దగ్గర ఒకటే మాట: "కాలం కాలేదు." కాలం కాకపోతే వాళ్ల తోటలు కూడా ఎండాలి కదా, ఎండలేదేం అంటే జవాబుండదు. అట్లాగని నీళ్లు తగ్గిన ప్రతిసారీ పక్కవాడి బోరు మీద పడటం కూడా తప్పే. ఆ తప్పు నేను చేశాను కాబట్టే చెప్తున్నాను.

మాది నల్లగొండ జిల్లా. మా ఇంటెనక చేదబాయి మా నాయన తవ్వింది, పన్నెండు గజాలు. ఊరి బాయి కాడ ఎవరన్నా పైనుంచి పోస్తారేమోనని మా అమ్మ కుండ పట్టుకొని పొద్దంతా నిలబడేది. అది చూడలేక తవ్వాడు. తర్వాత మేం చిన్న మోటరు పెట్టుకున్నాం. పోయిన ఎండాకాలం అరగంటలో నిండే తొట్టి రెండు గంటలైనా నిండలేదు. పక్క చెల్క ఆసామి మీదికి కొట్లాటకు పోయి నాలుగు మాటలన్నాను. తీరా మా బాబాయి పైపు పైకి లాగి చూస్తే ఫుట్‌వాల్వులో వాచరు చినిగి ఉంది. ఇంత తోలు ముక్క కోసి వేశాడు, నీళ్లు దూకినయి. (తోలు పని చేసినోళ్లమని ఊరు మనల్ని దూరం పెట్టింది. ఆ పనితనమే ఆ రోజు మా తొట్టి నింపింది.)

అందుకే అన్నలారా, అక్కలారా, ముందు మన ఇల్లు చూసుకుందాం. తాడుకు రాయి కట్టి బాయిలోకి వదిలి నీళ్లు ఎంత లోతున ఉన్నయో కొలవాలి. నీళ్లు బాగానే ఉండి పైపు సన్నగా పోస్తుంటే రోగం మోటరుది, పైపులది. మోటరు వేసిన ప్రతిసారీ నీళ్లు పోసి ఎక్కించాల్సి వస్తే వాల్వు కారుతున్నట్టు. నీళ్లు తుపుక్కు తుపుక్కుమని గాలితో వస్తే ఏదో జాయింటు గాలి పీలుస్తున్నట్టు. మోటరు మూలిగితే వోల్టేజీ చూడాలి. గడ్డ మీది మోటరు ఇరవై అయిదు అడుగుల కింది నీళ్లను లాగలేదు. మట్టం అంతకు దిగితే మెకానిక్కుకు డబ్బులు పోయటం దండుగ. వాడ బోరింగు ఎన్నిసార్లు కొట్టినా ఆలస్యంగా పోస్తుంటే వాచర్లు అరిగినట్టే.

అడుగు కూడా కొలవాలి. తవ్విన నాటి లోతు లేకపోతే పూడిక చేరింది. పూడిక తీయటానికి తొందరపడి దిగొద్దు. పాత బాయిల్లో చెడుగాలి ఉంటది, దీపం దించి చూసినంత మాత్రాన నమ్మటానికి లేదు. నీళ్లు తోడాలని బాయిలోకి డీజిలు ఇంజను దించితే ఆ పొగే ప్రాణం తీస్తది. ఊళ్లో ఎవరి బాయి పూడిక తీయాలన్నా దిగింది మనమే. తీసినాక ఆ బాయిలో చేదుకోనివ్వలేదు. కూలికి పిలిస్తే, గాలి ఆడే ఏర్పాటు, నడుముకు తాడు, పైన ఇద్దరు మనుషులు లేకుండా దిగమని చెప్పండి.

ఇదంతా సరిచేసుకున్నా నీళ్లు తగ్గుతుంటే అప్పుడు అసలు లెక్క మొదలవుతది. మా బాయి నెల బాగుండి మళ్లీ దిగింది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి తాడుతో కొలిచి పిల్లల నోటుబుక్కులో రాయించాను. ఒకసారి ట్రాన్స్‌ఫార్మర్ కాలి చేల మోటర్లు మూడు రోజులు ఆగినయి. వాన చుక్క లేదు, అయినా బాయి గజంన్నర పైకొచ్చింది. కరెంటు రాంగనే దిగింది. మాది రాతినేల. నీళ్లుండేది పై మొరంలో, రాతి నెర్రెల్లో. లోతు బోరు ఆ నెర్రెల్లోంచి లాగితే పైబాయి ఊట ఆగుతది. మనమూ లోతు బోరు వేద్దాం అంటారు. అప్పు సరే, బోరు నీళ్ల ఫ్లోరైడ్ ఎముకల్ని ఏం చేసిందో మా జిల్లాకు ఒకరు చెప్పాలా? నల్లా ఉంది కదా అనేవాళ్లు నల్లా రాని రోజు మా వాడకు రావాలి.

1985లో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగలు తాగే చెరువు నీళ్ల దగ్గరే. ఖరాబు చేయొద్దన్నందుకు ఆరుగురిని చంపారు. మన నీళ్లు ఖరాబు చేయటం నేరమని 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో రాశారు. కానీ నేల కింద నుంచి లాగేస్తే ఏ చేయి లాగిందో కనపడదు. బాయి గడ్డ మీద నిలబెట్టిన అంటరానితనం కంటికి కనపడేది, ఇది కనపడదు. బోర్ల మీద బోర్లు వేసి అప్పులపాలైన చిన్నరైతు మీద నాకు కోపం లేదు, వాడూ మనలాగే ఎండుతున్నాడు. ఎకరాలకెకరాలు తోటలు పెట్టి రాత్రింబగళ్లు తోడేవాళ్ల సంగతే నేనడిగేది.

2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం ప్రజల తాగునీటి బాయికి, బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా మోటరు బోరు వేయకూడదు. అది ఇంటి బాయికి వర్తించదు, వాడ బోరింగుకు వర్తిస్తది. కాబట్టి నా బాయి లెక్క ఒక్కటే చాలదని వాడ బోరింగు లెక్క కూడా రాశాం: పొద్దున ఎన్ని బిందెలు, రాత్రి ఎన్ని బిందెలు, ఏ బోరు ఎన్ని అడుగుల దూరం. గ్రామసభలో చదివి వినిపించి, తహసీల్దారుకు అర్జీ ఇచ్చి, రసీదు అడిగి తీసుకున్నాం.

తనిఖీకి ఇంకా ఎవరూ రాలేదు. నోటుబుక్కు అయిపోయింది, రెండోది కొన్నాం. నేను తిట్టిన ఆసామి దగ్గరికి పోయి తప్పయిందని చెప్పాను. ఆయన కూడా ఇప్పుడు తన పాతబాయిలో తాడు దించి లెక్క చెప్తున్నాడు.