నడుముకు ఎంత బరువు?

నెల్లూరు తీరంలో ముత్తుకూరు నుంచి విడవలూరు, అల్లూరు దాకా ఎటు చూసినా రొయ్యల గుంటలే. రాత్రిపూట కాపలాకి వెళ్లాలి. సరుకు పట్టిన రోజున చేతిలో డబ్బుంటుంది. ఊరు దూరం, దారి చీకటి. అలా తిరిగే మనిషికి 'నడుముకు ఓ పిస్తోలు ఉంటే...' అనిపించడంలో వింతేమీ లేదు. మరి ఎలాంటిది? చేతినిండా పట్టు దొరకాలి, రోజంతా మోసినా బరువనిపించకూడదు, చొక్కా కింద కనపడకూడదు!

సినిమా తుపాకి కుదరదు

అలాంటిదేదని అడిగితే ముందుగా వినిపించే పేరు ఆస్ట్రియా వాళ్ల గ్లాక్-17. చట్రం పాలిమర్‌ది. పూర్తి సైజు పిస్తోలే అయినా ఖాళీగా ఉన్నప్పుడు 630 గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. పాతకాలపు ఉక్కు కోల్ట్ 1911 కిలో దాటుతుంది. కానీ గ్లాక్-17లో వాడేది 9 ఎం.ఎం. తూటా. మన చట్టం ప్రకారం అది నిషిద్ధ బోరు. కలెక్టరు ఇచ్చే మామూలు లైసెన్సుతో అది రాదు.

సామాన్యుడికి ప్రధానంగా మిగిలేవి .32, .22 బోర్లు. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో తయారైన 'అశని' .32 పిస్తోలు. రివాల్వర్లలో 2014లో వచ్చిన 'నిర్భీక్' టైటానియం మిశ్రలోహంతో అరకిలో బరువే. అప్పట్లో ధర రూ.1.22 లక్షలు! .22 బోరు 'నిడర్' పావుకిలో. 2023లో కాన్పూరు నుంచి వచ్చిన 'ప్రబల్' సుమారు 700 గ్రాములు.

తేలికైతే చాలా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. తూటా ఒకటే అయినప్పుడు తుపాకి ఎంత తేలికైతే అంత గట్టిగా వెనక్కి తంతుంది. పిడి పొట్టిదైతే చిటికెనవేలికి చోటుండదు. గొట్టం పొట్టిదైతే గురిచూసే రెండు గుర్తులూ దగ్గరై, చిన్న వణుకు కూడా పెద్ద తప్పవుతుంది. పూర్తి సైజు పిస్తోలు నిలకడగా ఉండేది అందుకే. .32 తూటా తన్నుడు తక్కువ కాబట్టి కొంత బరువు తగ్గినా ఫర్వాలేదు. అంతకంటే తేలికవి జేబులో బాగుంటాయి, చేతిలో కాదు. కొనేముందు బరువు చూడటమే కాదు, చేత్తో పట్టుకుని పిడి సరిపోతోందో లేదో చూడాలి.

తీరంలో మరో శత్రువు ఉప్పుగాలి. దానికి నడుము చెమట తోడైతే ఉక్కు భాగాలు తుప్పెక్కుతాయి. చట్రం అల్యూమినియందో పాలిమర్‌దో అయినా లోపలి గొట్టం, స్ప్రింగులు ఉక్కువే. రోజూ పొడిగుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాయడం తప్పదు. తోలు ఒర తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి ఇంటికి రాగానే తుపాకిని అందులోంచి తీసేయాలి.

కనపడకుండా... కానీ మరచిపోకుండా

2016 ఆయుధ నిబంధనల ప్రకారం బయట తిరిగేటప్పుడు పిస్తోలు ఒరలోనో సంచిలోనో పూర్తిగా కప్పి ఉండాలి, మనిషి అదుపులోనూ ఉండాలి. పోలీసు విచారణ, శిక్షణ దాటాకే లైసెన్సు. ఎన్నికలొస్తే చాలామంది తమ ఆయుధాన్ని పోలీస్‌స్టేషన్‌లో అప్పగించాల్సి వస్తుంది. పెళ్లి ఊరేగింపులో సరదాగా గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ!

తేలికైన పిస్తోలుతో ఉన్న చిక్కల్లా అది ఒంటి మీద ఉన్న సంగతే మరచిపోవడం. గుంట దగ్గర్నుంచి అలసిపోయి వచ్చిన మనిషి చొక్కాతో పాటు దాన్నీ మంచం మీద పడేస్తే, ముందు చేరేది పిల్లల చెయ్యే. అందుకే పిస్తోలు ఎంచుకునేటప్పుడే తాళం వేసే ఇనప్పెట్టెనూ ఎంచుకోవాలి. తూటాలు వేరుగా, తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. ఇంట్లో అందుకు వీలు లేదంటారా? అయితే గుంటకు మంచి లైట్లు, తోడుగా మరో మనిషి, డబ్బు నేరుగా బ్యాంకులో పడే ఏర్పాటు... వీటికి ఏ లైసెన్సూ అక్కర్లేదు!